యల్లాప్రగడ సుబ్బారావు, పశువుల కంటి వైద్యం

యల్లాప్రగడ సుబ్బారావు (1895 జనవరి 12 - 1948 ఆగస్టు) ప్రపంచ ప్రసిద్ధి చెందిన తెలుగు జీవరసాయన శాస్త్రవేత్త. కండరాలలో శక్తి ఎలా నిలువ ఉంటుందో తెలిపిన పరిశోధనలకు, ఫోలిక్ ఆమ్ల సంశ్లేషణకు, బోదకాలు వ్యాధికి వాడే డైఇథైల్ కార్బమజైన్ (హెట్రజాన్) మందుకు, టెట్రాసైక్లిన్ కుటుంబంలో మొదటిదైన ఆరియోమైసిన్ వెలువడటానికి ఇతడు కారకుడు. మానవ వైద్యంలో ఇతని స్థానం గురించి తెలుగులో చాలా వ్రాశారు. పశువైద్యంలో, అందులోనూ పశువుల కంటి జబ్బుల చికిత్సలో, ఇతని పర్యవేక్షణలో వెలువడిన మందుల పాత్ర గురించి వ్రాసింది తక్కువ. కర్నూలు జిల్లా పడమటి భాగమైన ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతం వంటి మెట్ట సీమలో ఎద్దు కన్ను, గొర్రె కన్ను అంటే కుటుంబానికి కూడు పెట్టే సాధనం. కనుక ఈ వ్యాసంలో సుబ్బారావు జీవితంతో పాటు ఆ విషయం కూడా కొంత విస్తరించి చెప్పడమైనది.

సుబ్బారావు పశువైద్యుడు కాడు, నేత్రవైద్యుడూ కాడు. పశువుల కళ్ళకు మందు కనిపెట్టాలని ప్రత్యేకంగా పూనుకోనూ లేదు. ఇతని ప్రయోగశాలలో పుట్టిన మందులు ఇతని మరణానంతరం ఆ దారి పట్టాయి.

బాల్యం, విద్యాభ్యాసం

సుబ్బారావు భీమవరంలో జగన్నాథం, వెంకమ్మ దంపతులకు జన్మించాడు. తండ్రి రెవెన్యూ శాఖలో చిరుద్యోగి. అనారోగ్యం వల్ల ముందుగానే ఉద్యోగ విరమణ చేయవలసి రావడంతో కుటుంబం ఇబ్బందుల పాలయింది. చదువు మీద మనసు నిలవని బాలుడు ఒకసారి కాశీకి పోయి యాత్రికులకు అరటిపండ్లు అమ్మి ధనం సంపాదించాలని ఇల్లు విడిచి బయలుదేరాడు. పెద్దలు వెదకి వెనుకకు తెచ్చారు. రాజమండ్రిలో చదువు సరిగా సాగలేదు. మెట్రిక్యులేషన్ పరీక్షలో రెండుసార్లు తప్పి, మూడవసారి మద్రాసు హిందూ ఉన్నత పాఠశాల నుండి ఉత్తీర్ణుడయ్యాడు. తండ్రి పోయిన తరువాత తల్లి నగలు అమ్మి చదివించింది. మూడవ ప్రయత్నంలో గట్టెక్కిన ఈ విద్యార్థి తరువాత ఏమయ్యాడో పదవ తరగతి విద్యార్థులకు చెప్పదగిన సంగతే.

ప్రెసిడెన్సీ కళాశాలలో ఇంటర్మీడియట్ ముగించి, మద్రాసు వైద్య కళాశాలలో చేరాడు. రామకృష్ణ మఠంలో చేరి సన్యసించాలని కోరిక ఉండేది కాని తల్లి అనుమతించలేదు. మిత్రుల సహాయంతోను, తరువాత మామగారైన కస్తూరి సూర్యనారాయణమూర్తి ఆదరంతోను చదువు సాగింది. 1919లో శేషగిరితో వివాహం జరిగింది. గాంధీజీ పిలుపు విని ఖద్దరు దుస్తులు ధరించి శస్త్రచికిత్స గదిలో అడుగుపెట్టడం ఆచార్యుడు బ్రాడ్‌ఫీల్డ్‌కు ఆగ్రహం కలిగించింది. ఫలితంగా పూర్తి ఎం.బి.బి.ఎస్. పట్టాకు బదులు, దానికంటె తక్కువదైన ఎల్.ఎం.ఎస్. మాత్రమే లభించింది.

ఇతని సోదరులు ఇద్దరు స్ప్రూ అనే జీర్ణవ్యాధితో కొద్ది రోజుల తేడాతో మరణించారు. సుబ్బారావుకూ అదే వ్యాధి సోకింది. ఆచంట లక్ష్మీపతి ఆయుర్వేద చికిత్సతో కోలుకున్నాడు. అటుపై మద్రాసు ఆయుర్వేద కళాశాలలో శరీర నిర్మాణ శాస్త్రం బోధించాడు. స్ప్రూ రోగులలో కనిపించే రక్తహీనతకు ఫోలిక్ ఆమ్లం మందుగా పనిచేస్తుందని తరువాత తేలింది. ఆ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేయించినవాడు ఈ సోదరులలో మిగిలినవాడే.

హార్వర్డులో

కాకినాడ మల్లాడి సత్యలింగం నాయకర్ ధర్మసంస్థ సహాయంతోను, మామగారు సమకూర్చిన ధనంతోను సుబ్బారావు 1920ల తొలి భాగంలో అమెరికాలోని బోస్టన్ చేరాడు. భార్యను ఇంటి వద్దనే విడిచి వెళ్ళాడు. తరువాత పుట్టిన కుమారుడు పసితనంలోనే చర్మవ్యాధి సోకి చనిపోయాడు. తండ్రి ఆ బిడ్డను చూడలేదు. స్వదేశానికి అతడు మరల రానే లేదు.

హార్వర్డులో ఉష్ణమండల వైద్యంలో డిప్లొమా పొందాడు. ఖర్చులకు చాలక ఆసుపత్రిలో రాత్రిపూట రోగుల మలమూత్ర పాత్రలు శుభ్రపరిచే పని చేశాడు. తరువాత జీవరసాయన శాఖలో సైరస్ ఫిస్క్ వద్ద చేరాడు. రక్తంలోను, మూత్రంలోను భాస్వరాన్ని కొలవడానికి వీరిద్దరూ 1925లో ప్రకటించిన రంగు పద్ధతి ఫిస్క్-సుబ్బారావు పద్ధతిగా ప్రసిద్ధి చెంది, జీవరసాయన శాస్త్ర విద్యార్థులకు తరతరాలుగా పరిచితమైంది. పిల్లి కండరాలపై పరిశోధిస్తూ 1927లో ఫాస్ఫోక్రియాటిన్‌ను, 1929లో అడినోసిన్ ట్రైఫాస్ఫేట్ (ఏటీపీ)ను గుర్తించారు. కండరాలకు శక్తి లాక్టిక్ ఆమ్లం నుండి వస్తుందని అంతవరకు ఉన్న భావన దీనితో తలక్రిందులయింది. కంటిలోని నేత్రపటలం శరీరంలో అత్యధికంగా శక్తిని ఖర్చుచేసే కణజాలాలలో ఒకటి. అది కూడా ఈ ఏటీపీ మీదనే నడుస్తుంది.

ఏటీపీని దాదాపు అదే కాలంలో జర్మనీలో కార్ల్ లోమన్ స్వతంత్రంగా కనుగొన్నాడు. సుబ్బారావుకు నోబెల్ బహుమతి దక్కకుండా చేశారన్న మాట తెలుగు పత్రికలలో తరచు కనిపిస్తుంది. లోమన్‌కు కూడా ఆ బహుమతి రాలేదని గమనిస్తే ఆ ఆరోపణ బలహీనపడుతుంది. హార్వర్డులో స్థిరమైన ఆచార్య పదవి లభించకపోవడం మాత్రం నిజమైన అన్యాయంగానే తోస్తుంది.

లెడర్లీ ప్రయోగశాలలు

1940లో సుబ్బారావు న్యూయార్కు రాష్ట్రంలోని పెర్ల్ రివర్‌లో ఉన్న లెడర్లీ ప్రయోగశాలలలో చేరి, కొద్దికాలంలోనే పరిశోధనల అధిపతి అయ్యాడు. ఈ సంస్థను 1906లో ఎర్న్‌స్ట్ లెడర్లీ స్థాపించాడు. గుర్రాల రక్తం నుండి డిఫ్తీరియా విరుగుడు ద్రవం తయారుచేయడం దీని తొలి వ్యాపకాలలో ఒకటి. అంటే పశువుతో సంబంధం ఈ సంస్థకు పుట్టుకతోనే ఉంది.

ఇక్కడ సుబ్బారావు నడిపిన బృందాలు 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని సంశ్లేషించాయి. దానికి విరుద్ధంగా పనిచేసే అమినోటెరిన్‌తో బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ 1947-48లో రక్తకాన్సర్ సోకిన పిల్లలకు చికిత్స చేశాడు. దానికి దగ్గరి బంధువైన మెథోట్రెక్సేట్ నేటికీ వాడుకలో ఉంది.

ఆరియోమైసిన్

ఆరియోమైసిన్‌ను సుబ్బారావు స్వయంగా కనిపెట్టాడని అనేక తెలుగు రచనలలో కనిపిస్తుంది. ఇది పూర్తిగా సరి కాదు. విశ్వవిద్యాలయ ఉద్యోగం నుండి విరమించిన వృక్షశాస్త్రజ్ఞుడు బెంజమిన్ డగ్గర్‌ను డెబ్బయి ఏళ్ళు దాటిన వయసులో తన సంస్థలోకి తీసుకొని, దేశం నలుమూలల నుండి మట్టి నమూనాలు తెప్పించి వెదికే స్వేచ్ఛనిచ్చినవాడు సుబ్బారావు. 1945లో మిస్సోరీ విశ్వవిద్యాలయానికి చెందిన శాన్‌బోర్న్ క్షేత్రం నుండి వచ్చిన మట్టిలో బంగారు వన్నె గల ఒక సూక్ష్మజీవిని డగ్గర్ గుర్తించాడు. స్ట్రెప్టోమైసిస్ ఆరియోఫేసియన్స్ అని దానికి పేరు. దాని నుండి వచ్చిన మందు 1948లో వెలుగు చూసింది. తరువాత క్లోర్‌టెట్రాసైక్లిన్ అని పిలిచినది దీనినే. 1950లో వేరొక సంస్థ నుండి టెర్రామైసిన్ (ఆక్సీటెట్రాసైక్లిన్) వచ్చింది. క్లోర్‌టెట్రాసైక్లిన్ నుండి క్లోరిన్‌ను తొలగించి టెట్రాసైక్లిన్‌ను తయారుచేయడం ఆ తరువాతి అడుగు. కనుగొన్న చేయి డగ్గర్‌ది, వెదికించిన బుద్ధి సుబ్బారావుది అనడం న్యాయంగా ఉంటుంది.

ఈ మందు సూక్ష్మజీవి కణంలోని రైబోజోము చిన్న భాగానికి అంటుకొని మాంసకృత్తుల తయారీని ఆపుతుంది. సూక్ష్మజీవి వెంటనే చావకపోయినా పెరగలేదు. పెన్సిలిన్‌కు లొంగని క్లమీడియా, మైకోప్లాస్మా వంటివి దీనికి లొంగుతాయి. కంటి జబ్బులలో దీని విలువ అంతా ఇక్కడే ఉంది. మందు వెలువడిన 1948లోనే నేత్రవైద్యులు మనుషుల కంటి జబ్బులపై దీనిని పరీక్షించి ఫలితాలు ప్రకటించారు. కోట్లమందిని గుడ్డివారిని చేసిన ట్రకోమాకు టెట్రాసైక్లిన్ లేపనం దశాబ్దాలపాటు ప్రధాన చికిత్సగా నిలిచింది.

పశువుల కంటికి

పశువులలో అంటుకునే కండ్లకలక అన్ని దేశాలలోను ఉంది. ఆవులు, ఎద్దులలో దీనికి ముఖ్య కారణం మొరాక్సెల్లా బోవిస్ అనే బాక్టీరియా. గొర్రెలు, మేకలలో మైకోప్లాస్మా, క్లమీడియా జాతులు. ముఖం మీద వాలే ఈగ ఒక పశువు కంటి స్రావాన్ని మరొక పశువు కంటికి చేరవేస్తుంది. దుమ్ము, తీవ్రమైన ఎండ, ఎండుగడ్డి మొనలు కంటిని ముందే గాయపరచి దారి చూపుతాయి. మొదట కన్నీరు కారుతుంది, పశువు వెలుగు చూడలేక కన్ను మూసుకుంటుంది, పుసి కడుతుంది. రెండు మూడు రోజులలో నల్లగుడ్డు మధ్య మసక తెలుపు కనిపిస్తుంది. పల్లెలలో దీనినే కంటిలో పువ్వు పడింది అంటారు. సకాలంలో చికిత్స అందితే చాలావరకు పశువు చూపు నిలుస్తుంది. ఆలస్యమైతే నల్లగుడ్డు పుండుపడి చిల్లి పడవచ్చు, అప్పుడు కన్ను దక్కదు.

దీనికి టెట్రాసైక్లిన్ జాతి మందులు రెండు విధాల ఇస్తారు. ఒకటి, కంటి లేపనం. క్రింది రెప్పను లాగి లోపల సన్నని తీగగా వేసి రెప్ప మూయాలి. కన్నీరు మందును కడిగివేస్తుంది గనుక రోజుకు పలుమార్లు వేయవలసి ఉంటుంది. రెండు, దీర్ఘకాలం పనిచేసే ఆక్సీటెట్రాసైక్లిన్ సూది. ఇది రక్తం ద్వారా కన్నీటిలోకి చేరి సోకిన కంటిని తడుపుతూ ఉంటుంది. మందలో ఒక్కొక్క పశువును పట్టి రోజుకు నాలుగుసార్లు లేపనం వేయడం సాధ్యం కాని చోట సూదియే ఆచరణీయం. మోతాదు, వ్యవధి పశువైద్యుడు నిర్ణయించాలి. పాడి పశువుకు సూది వేసినప్పుడు వైద్యుడు చెప్పినన్ని రోజులు పాలు వాడరాదు, అమ్మరాదు. జబ్బు పశువును నీడలో, మందకు దూరంగా కట్టి, ఈగలు ముసరకుండా చూడటం కూడా మందుతో సమానమైన పని.

పెంపుడు జంతువులలో పిల్లికి ఈ మందుతో అవసరం ఎక్కువ. పిల్లి పిల్లలలో ఒక కంటితో మొదలై రెండవ కంటికి పాకే కండ్లకలకకు క్లమీడియా ఫెలిస్ తరచు కారణం. దీనికి నేడు ఇదే కుటుంబానికి చెందిన డాక్సీసైక్లిన్ నోటి ద్వారా ఇవ్వడం మేలని భావిస్తారు. చిలుకలకు సోకి, వాటి నుండి మనుషులకు కూడా అంటుకునే సిటకోసిస్ జ్వరానికి క్లోర్‌టెట్రాసైక్లిన్ కలిపిన మేత 45 రోజులు పెట్టే పద్ధతి అమెరికాలో ఏర్పడింది.

కంటి మందుల విషయంలో జరిగే ముఖ్యమైన ప్రమాదం ఒకటి ఇక్కడ చెప్పాలి. మనుషుల కోసం దుకాణంలో దొరికే చుక్కల మందులలో కొన్నింటిలో డెక్సామెథసోన్, బీటామెథసోన్ వంటి స్టెరాయిడ్లు కలిసి ఉంటాయి. ఎరుపు వెంటనే తగ్గుతుంది గనుక మందు పనిచేసినట్లు తోస్తుంది. నల్లగుడ్డు మీద పుండు ఉన్నప్పుడు ఇవి వేస్తే పుండు మానక కరిగిపోయి కన్ను చితికిపోతుంది. అందుకే పశువైద్యుడు ముందు ఫ్లోరెసీన్ అనే రంగును కంటిలో వేసి చూస్తాడు. పుండు ఉన్న చోట అది ఆకుపచ్చగా మెరుస్తుంది.

ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతంలో

సుబ్బారావు జీవించిన కాలమంతా ఆదోని తాలూకా మద్రాసు రాష్ట్రంలోని బళ్ళారి జిల్లాలో ఉండేది. ఎమ్మిగనూరు ఆ తాలూకాలోనిదే. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు ఆదోని, ఆలూరు తాలూకాలు కర్నూలు జిల్లాలో చేరాయి. 2022లో నంద్యాల జిల్లా విడిపోయిన తరువాత కూడా ఇవి కర్నూలు జిల్లాలోనే ఉన్నాయి. సుబ్బారావు ఈ ప్రాంతానికి చెందినవాడు కాడు. ఇక్కడి ప్రస్తావన అతని మందు చేరిన చోటుగా మాత్రమే.

ఆదోని ప్రత్తి, వేరుశనగ వ్యాపారానికి, ఎమ్మిగనూరు 1938లో మాచాని సోమప్ప నెలకొల్పిన చేనేత సహకార సంఘానికి పేరు పొందాయి. కాని చుట్టుపట్ల పల్లెలకు ఆధారం నల్లరేగడి సేద్యమూ, గొర్రెల పెంపకమూ. తుంగభద్ర దిగువ కాలువ పారే మేర తప్పిస్తే మిగిలినదంతా వాన మీద ఆధారపడిన భూమి. వాన తప్పిన ఏడు మందే మిగిలిన ఆస్తి. కురువ కులస్థులు తరతరాలుగా గొర్రెలు కాస్తూ, గొంగళ్ళు నేస్తూ బ్రతికారు. ఎమ్మిగనూరు నీలకంఠేశ్వర స్వామి జాతర జనవరి మాసంలో జరుగుతుంది. ఆ సందర్భంగా సాగే పశువుల సంత ప్రసిద్ధమైనది. ఎద్దును కొనేవాడు పండ్లు, గిట్టలు చూసినట్లే కళ్ళూ చూస్తాడు. పువ్వు పడిన ఎద్దుకు ధర పలకదు. కాడికి జతగా కట్టే ఎద్దులలో ఒకటి చూపు కోల్పోతే రెండవదాని విలువ కూడా పడిపోతుంది. చూపు లేని గొర్రె మందతో నడవలేదు, మేత వెదుక్కోలేదు. కాపరి దానిని ఎంతకో కొంతకు కోతకు అమ్ముకోవలసిందే.

ఈ సీమలో వేసవి దుమ్ము, తుమ్మ ముళ్ళు, వానాకాలం మొదట విజృంభించే ఈగలు కంటి జబ్బుకు అనువైన పరిస్థితులను కల్పిస్తాయి. మందలు మేతకై తుంగభద్ర తీరానికి, పొరుగు జిల్లాలకు వలస పోయినప్పుడు వేర్వేరు మందలు కలిసి జబ్బు పాకుతుంది. మందు అందుబాటులో లేని రోజులలో ఉప్పు నమిలి కంటిలో ఊయడం, ఆకు పసరు పిండటం తెలుగు పల్లెలలో వాడుక. ఉప్పు పుండును మరింత మండిస్తుంది, నోటిలోని సూక్ష్మజీవులు కంటిలోకి పోతాయి. అయినా ఆ కాపరిని తప్పుపట్టలేము, అతని చేతిలో ఉన్నది అదే. లేపనపు గొట్టం చేతికి వచ్చిన తరువాత కూడా కొన్నిచోట్ల పాత అలవాటు పోలేదు. జబ్బు దానంతటదే తగ్గిన సందర్భాలలో ఘనత పసరుకు దక్కడం అందుకు కారణం కావచ్చు. ఈ ప్రాంతపు పాఠశాలలలో జీవశాస్త్రం బోధించేవారు ఈ సంగతిని పాఠంలో చేర్చితే ప్రయోజనం ఉంటుంది. బడి విడిచిన వెంటనే మంద వద్దకు పోయే పిల్లలు ఇక్కడ ఉన్నారు.

2022లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సంచార పశు ఆరోగ్య సేవ పేరిట వాహనాలను ప్రారంభించింది. వాటిని పిలవడానికి 1962 అనే సంఖ్యను కేటాయించారు. వలస మందకు స్థిరమైన ఆసుపత్రి కంటె ఇటువంటి ఏర్పాటే ఎక్కువ అక్కరకు వస్తుంది.

హెట్రజాన్, కంటిలో పురుగు

రెండవ ప్రపంచ యుద్ధంలో పసిఫిక్ దీవులలో పనిచేసిన అమెరికా సైనికులకు ఫైలేరియా సోకడంతో దానికి మందు కావలసి వచ్చింది. లెడర్లీలో అనేక రసాయనాలను ఫైలేరియా పురుగులున్న ప్రత్తి ఎలుకలపైన, కుక్కలపైన పరీక్షించి 1947లో డైఇథైల్ కార్బమజైన్‌ను ప్రకటించారు. ఆ పరిశోధన పత్రం రచయితలలో సుబ్బారావు ఒకడు. అంటే ఇది మనుషులకు చేరకముందే జంతువులలో పనిచేసిన మందు.

కుక్కల గుండెలో చేరే డైరోఫిలేరియా పురుగు రాకుండా ఈ మందును రోజూ ఇచ్చే పద్ధతి కొంతకాలం నడిచింది. ఆ పురుగు పిల్ల దారి తప్పి కుక్క కంటి ముందు గదిలో తేలడం కూడా అప్పుడప్పుడు కనిపిస్తుంది. 1987లో నెలకొకసారి ఇచ్చే ఐవర్‌మెక్టిన్ రావడంతో పాత పద్ధతి వెనుకబడింది. రక్తంలో అప్పటికే పురుగు పిల్లలున్న కుక్కకు హెట్రజాన్ ఇస్తే అవి ఒక్కసారిగా చచ్చి కుక్క ప్రాణానికి ముప్పు తెస్తాయి. ముందు రక్తపరీక్ష అవసరమయ్యేది అందుకే.

మన దేశంలో పశువైద్యులకు ఎక్కువగా ఎదురయ్యేది సిటేరియా డిజిటేటా. ఇది ఎద్దులు, ఆవుల కడుపు కుహరంలో పెద్దగా హాని చేయకుండా బ్రతికే పురుగు. దోమ ద్వారా గుర్రానికి, గొర్రెకు, మేకకు చేరినప్పుడు తనకు తగిన చోటు దొరకక వెన్నుపాములోకో కంటిలోకో పోతుంది. గుర్రం కంటిలో తెల్లని దారంలా మెలికలు తిరుగుతూ కనిపిస్తుంది. పెద్ద పురుగును శస్త్రచికిత్సతో తీయవలసిందే. లేత దశలో ఉన్న పురుగులపై హెట్రజాన్ పనిచేస్తుంది. ఆఫ్రికాలో నదీతీర అంధత్వం కలిగించే ఆంకోసెర్కా విషయంలో మాత్రం ఈ మందు ఎదురు తిరిగింది. పురుగులు చచ్చేటప్పుడు కలిగే వాపు కంటికి మరింత హాని చేయడంతో దానిని విడిచిపెట్టారు. కంటికి మేలు చేసిన రెండు మందులు ఒకే ప్రయోగశాల నుండి వచ్చాయని చెప్పేవారు ఈ రెండవ సంగతి కూడా చెప్పాలి.

దాణాలో మందు

సుబ్బారావు మరణానంతరం లెడర్లీలోనే థామస్ జూక్స్, రాబర్ట్ స్టోక్‌స్టాడ్ ఆరియోమైసిన్ తయారీలో మిగిలిన పిప్పిని కోడిపిల్లలకు పెట్టగా అవి త్వరగా పెరిగాయి. 1950 నాటికి ఈ వార్త ప్రపంచమంతా వ్యాపించింది. జబ్బు లేకపోయినా బరువు కోసం కోళ్ళకు, పందులకు, దూడలకు మందు కలిపిన దాణా పెట్టడం అలవాటయింది. మందుకు లొంగని సూక్ష్మజీవులు పెరగడానికి ఇది ఒక కారణమని గుర్తించి ఐరోపా సమాఖ్య 2006లో పెరుగుదల కోసం వాడే యాంటీబయాటిక్‌లను నిషేధించింది. అమెరికా 2017లో మానవ వైద్యానికి ముఖ్యమైన వాటిని ఆ పనికి వాడరాదని కట్టడి చేసింది. గొర్రె కన్ను కాపాడిన మందు రేపు గొర్రె కంటికే పనిచేయకుండా పోయే అవకాశం ఇందులో ఉంది. లేపనం రెండు రోజులు వేసి ఎరుపు తగ్గగానే మానడం, ఒక పశువుకు మిగిలినది మరొకదానికి పూయడం కూడా చిన్న మోతాదులో అదే పని చేస్తాయి.

మరణం, స్మృతి

1948 ఆగస్టులో సుబ్బారావు పెర్ల్ రివర్‌లో నిద్రలోనే గుండెపోటుతో మరణించాడు. అప్పటికి 53 ఏళ్ళు. ఆరియోమైసిన్ ఆ సంవత్సరమే బయటకు వచ్చింది గనుక దాని వ్యాప్తిని అతడు చూడలేదు. పశువులకు అది చేసిన మేలు గాని, దాణాలో చేరి తెచ్చిన చిక్కు గాని అతనికి తెలియవు. మద్రాసు నుండి వచ్చేటప్పుడు కొద్ది సంవత్సరాలలో తిరిగి వస్తానని వదలి వచ్చిన భార్య శేషగిరి అతని కోసం ఎదురుచూస్తూనే ఉండిపోయింది.

1953లో ఒక శిలీంధ్ర ప్రజాతికి సుబ్బరోమైసిస్ అని ఇతని పేరు పెట్టారు. 1995లో శతజయంతి సందర్భంగా భారత తపాలా శాఖ ఇతని చిత్రంతో తపాలా బిళ్ళ విడుదల చేసింది.